మొక్క ఏపుగా పెరిగినా ఆలుగడ్డలు గోలీలంతే ఎందుకు ఉంటున్నాయి?

గ్రో బ్యాగులో మొక్క రెండడుగులు పెరిగింది, తవ్వి చూస్తే గోలీలంత దుంపలే ఉన్నాయి అన్నారు. నా అనుభవంలో దీనికి కారణాలు రెండే: వేడి, లేదా నత్రజని ఎక్కువ కావడం.

ఆలుగడ్డ వేరు కాదు. మట్టిలో ఉన్న కాండం నుంచి తెల్లటి పిలకలు అడ్డంగా సాగి, వాటి కొసలు ఉబ్బితే దుంపలవుతాయి. అలా ఉబ్బాలంటే మట్టి చల్లగా, 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే ఊరడం దాదాపు ఆగిపోతుంది. ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి, అందుకే పైనుంచి చూసి పోల్చుకోలేం. నల్ల బ్యాగు ఎండకు నేలకన్నా త్వరగా కాగుతుంది. దాని చుట్టూ గోనెపట్టా కట్టి, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి పరవండి. ఆకులకు మాత్రం కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. అన్నిటికంటే ముఖ్యం, నాటిన రెండు నెలలకు రాత్రులు చల్లగా ఉండేలా కాలం లెక్కేసుకుని నాటడం.

ఇక ఎరువు. పశువుల ఎరువు బాగా మాగినది, మట్టిలో నాలుగో వంతు చాలు. మొగ్గ దశ దగ్గర నత్రజని ఎరువైన యూరియా వేస్తే బలమంతా ఆకులకే పోతుంది. పొటాష్ కోసమని బూడిద గుప్పించకండి. మట్టిలో క్షారగుణం పెరిగి దుంప తొక్క మీద గజ్జిలాంటి మచ్చలు వస్తాయి.

నాటేటప్పుడు కోడిగుడ్డంత విత్తన దుంపైతే కోయకుండా పెట్టండి. పెద్దదైతే రెండు మూడు కళ్లు (మొలక వచ్చే గుంటలు) ఉండేలా, 40-50 గ్రాముల ముక్కలుగా కోసి, కోసినచోట తడి ఆరి పొర కట్టేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచండి. పచ్చి ముక్క తడిమట్టిలో కుళ్లుతుంది. 40 లీటర్ల బ్యాగుకు రెండు ముక్కలు, మహా అయితే మూడు. లోతు 10 సెంటీమీటర్లు.

మొక్క జానెడు ఎదిగాక కాండం సగం మునిగేలా మట్టి ఎగదోయాలి. రెండు మూడు వారాలకు మరోసారి. వెలుతురు తగిలిన దుంప పచ్చబడి అందులో సోలనిన్ అనే విషం చేరుతుంది, అలాంటివి తినకూడదు. అయితే మట్టి పోస్తూ పోతే అంతస్తులుగా దుంపలు కాస్తాయన్న మాట నమ్మకండి. చాలా రకాల్లో అడుగు కణుపుల దగ్గరే కాపు.

నీళ్లు తడవకు ఇన్ని అని కాదు, వేలు రెండు కణుపులు దించితే తడి తగలాలి. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా పోస్తే దుంప పగులుతుంది, లేదా లోపల గుల్లవుతుంది.

ఆకులు పసుపెక్కాక నీళ్లు ఆపండి. మట్టి పైనున్న మొక్కను కోసేసి 10-14 రోజులు ఆగి తవ్వితే తొక్క గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడుతోందంటే ఇంకా ఆగాలి.

ఇప్పుడు వచ్చిన చిన్న దుంపలను వెంటనే మళ్లీ నాటకండి. కొత్త దుంప సాధారణంగా రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది, మొలక రాదు.