వైజాగ్ నేవీ మీదే బతుకుతుందా?

మీరు అడిగింది వైజాగ్‌లో జనం ఎక్కువగా నేవీ వాళ్ళేనా, ఊరు వాళ్ళ డబ్బుతోనే నడుస్తుందా, నేవల్ డాక్‌యార్డ్ దగ్గరున్న సింధియా వైపు షాపు పెడితే ఆడుతుందా అని కదండి. నేను మల్కాపురంలో పుట్టి పెరిగాను, నాన్న నేవల్ డాక్‌యార్డ్‌లో సివిలియన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, మా మేడమీద పోర్షన్‌లో ఎప్పుడూ నేవీ ఫ్యామిలీలే అద్దెకుండేవి.

నా ఉద్దేశంలో ఊరిని పెంచింది నేవీ ఒక్కటే కాదు. 1901లో ఇక్కడ జనాభా 40 వేల పైచిలుకు, 2011 లెక్కల్లో 17 లక్షలు దాటింది (2005లో గాజువాకని, చుట్టుపక్కల ఊళ్ళని కలిపి గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) చేశారు, కొంత అలా పెరిగిందే). మధ్యలో 1933లో పోర్టు, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలెట్టిన షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్ ప్లాంటు వచ్చాయి. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ 1968లో పెట్టారు.

ఇక షాపు సంగతి. నేవీ జీతం మొత్తం బజారుకొస్తుందనుకోకండి. సబ్బు దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా మిలిటరీ క్యాంటీన్‌లో చవగ్గా దొరుకుతాయి, పిల్లలు చాలామంది కేంద్రీయ విద్యాలయాల్లో చదువుతారు, జబ్బు చేస్తే వాళ్ళకి నేవీదే కళ్యాణి హాస్పిటల్ ఉంది. మాకు అసలు ఆధారం అద్దెలు, డాక్‌యార్డ్ సివిలియన్ల జీతాలు, కాంట్రాక్టు పనులు. షిప్పు రిఫిట్‌కి, అంటే పెద్ద రిపేరుకి, వచ్చిందంటే వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లకి చేతినిండా పని, శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కుర్రాళ్ళు వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు, వాళ్ళతోనే మా వీధి టిఫిన్ బళ్ళు, మెస్సులు నడుస్తాయి, రిఫిట్ అయిపోతే మళ్ళీ చప్పబడిపోతాయి. పర్మనెంట్ వాళ్ళ పక్కనే అదే పని చేసే కాంట్రాక్టు కుర్రాడికి వచ్చే కూలి చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

జనం మాత్రం నిజంగా కలగలుపు. మా పైన కేరళ వాళ్ళున్నారు, బీహార్ వాళ్ళున్నారు, హర్యానా వాళ్ళున్నారు. అమ్మ బడికెళ్ళి హిందీ నేర్చుకోలేదు, అద్దెకొచ్చిన వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకుంది, మల్కాపురం మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా హిందీలోనే బేరమాడుతుంది. పోస్టింగ్ మారితే వెళ్ళిపోతారు కదా అనుకుంటాం కానీ చాలామంది ఇక్కడే ఉండిపోతారండి. సెయిలర్‌గా పదిహేనేళ్ళు చేసినవాళ్ళు నలభై లోపే పెన్షన్‌తో బయటికొస్తారు, వచ్చిన డబ్బుతో గాజువాక వైపో పెందుర్తి వైపో ఒక స్థలం కొనుక్కుని, బ్యాంకులోనో సెక్యూరిటీలోనో రెండో ఉద్యోగం చూసుకుంటారు. ఆ ఏరియాల్లో ఇళ్ళు లేవడంలో వాళ్ళ పాత్ర చాలా ఉంది. 2022 నుంచి అగ్నివీర్ వచ్చింది, నాలుగేళ్ళకే ఎక్కువమంది పెన్షన్ లేకుండా బయటికి రావాలి, మరి ఈ స్థలాలు కొనే వరస ముందు ముందు తగ్గుతుందనే నా భయం.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాది, సివిల్ విమానాలు వాళ్ళిచ్చిన టైములోనే తిరగాలి, భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు కావాల్సి రావడానికి అదొక కారణం. రాంబిల్లి దగ్గర కొత్త బేస్ కోసం భూములిచ్చి ఊళ్ళు ఖాళీ చేసిన మత్స్యకారుల గురించి మాత్రం నేవీ డే సందర్భంగా బీచ్ రోడ్డులో యుద్ధనౌకల విన్యాసాలు చూసి చప్పట్లు కొట్టే మనలో ఎవరూ మాట్లాడరు. సముద్రం మీద మొదట బతికింది వాళ్ళే కదండి.

షాపు పెట్టాలంటే కిరాణా వద్దు, క్యాంటీన్‌తో పోటీ పడలేరు. మెస్సు కానీ, టైలరింగ్ కానీ (యూనిఫాం పని ఎప్పుడూ ఉంటుంది), పోస్టింగ్ మారే వాళ్ళకి సామాను ప్యాకింగ్, ట్రాన్స్‌పోర్టు కానీ చూడండి. ఇల్లు అద్దెకి కావాలంటే మార్చి లోపే వెతుక్కోండి, స్కూళ్ళు మొదలయ్యే ముందు ట్రాన్స్‌ఫర్ల మీద వచ్చేవాళ్ళు ఎక్కువ, అప్పుడు సింధియా, శ్రీహరిపురంలో మంచి పోర్షన్ దొరకడం కష్టం.