పాత డెవలపర్లు: పైరో మరక, అమిడాల్ తొందర

ప్రశ్న: పాత ఫొటోగ్రఫీ పుస్తకంలోని పైరోగాలాల్ (పైరో) ఫార్ములా ప్రకారం డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను బయటపెట్టే ద్రావణం) కలిపి నలుపు తెలుపు ఫిల్మ్ కడిగాను. నెగటివ్ పలచగా, పసుపుపచ్చగా వచ్చింది. అది పాడైనట్లేనా? అదే పుస్తకంలో ఉన్న అమిడాల్, ఐకోనోజెన్ అనే డెవలపర్ రసాయనాల బదులు మెటాల్ అనే మరో డెవలపర్ రసాయనం వేయవచ్చా?

జవాబు: ప్రింటు తీసి చూడకుండా ఆ నెగటివ్‌ను పారేయకండి. పైరోగాలాల్ వెండి లవణాన్ని వెండిగా మారుస్తూ తాను ఆక్సీకరణ చెందుతుంది; అప్పుడు పుట్టే పదార్థాలు వెండి ఏర్పడిన చోటే జెలటిన్‌ను గట్టిపరచి, ఆ వెండి పరిమాణాన్ని బట్టి పసుపు లేదా గోధుమ రంగు మరకను వదులుతాయి. ఫొటో కాగితం ఎక్కువగా స్పందించేది నీలి కాంతికి, ఆ మరక అడ్డుకునేదీ నీలి కాంతినే కనుక, కంటికి పలచగా తోచిన నెగటివ్ కూడా కాగితం మీద తగినంత కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఇస్తుంది. కాంట్రాస్ట్ మార్చుకోగల కాగితమైతే ఆ పసుపు తక్కువ గ్రేడు (కాంట్రాస్ట్ తగ్గించే) ఫిల్టరులా కూడా పనిచేస్తుంది; కాబట్టి ప్రకాశవంతమైన భాగాలు కాస్త మెత్తబడతాయి. బొమ్మ లేని అంచుల్లోనూ మరక సమానంగా పరుచుకుని ఉంటే మాత్రం దానివల్ల ఎక్స్‌పోజర్ సమయం పెరగడం తప్ప లాభం లేదు. ద్రావణం నిలవ ఉంటుందని సోడియం సల్ఫైట్ పెంచితే మరక తగ్గిపోతుంది, పైరో వాడిన ప్రయోజనమూ దానితోపాటే పోతుంది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలోనూ (గాజు పలక తడిగా ఉండగానే ఫొటో తీసే పద్ధతి) వాడిన ఈ పైరో విషపూరితం, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. చేతి తొడుగులు లేనిదే ముట్టుకోకండి, తూచేటప్పుడు పొడి పీల్చకండి.

అమిడాల్ స్వభావం వేరు. హైడ్రోక్వినోన్ అనే డెవలపర్ రసాయనానికి బలమైన క్షారం తోడు కావాలి. అమిడాల్ వేరే క్షారమేదీ లేకుండా సల్ఫైట్ ద్రావణంలోనే చురుగ్గా పనిచేస్తుంది. అక్కడ అదే తూకంలో మెటాల్ వేస్తే డెవలప్‌మెంట్ జరుగుతుంది గానీ చాలా నెమ్మదిగా, కనుక పుస్తకంలో రాసిన నిమిషాలు పనికిరావు. అమిడాల్ ద్రావణం కలిపిన కొన్ని గంటల్లోనే బలహీనపడుతుంది, వేళ్లనూ గోళ్లనూ నల్లగా మారుస్తుంది. అయినా నెగటివ్‌లకు పైరో వాడిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ప్రింట్లకు అమిడాల్‌నే ఎంచుకున్నారంటే ఆ శ్రమకు తగిన ఫలితం ఉందనే అనుకోవాలి.

ఐకోనోజెన్‌ను 1889లో రసాయన శాస్త్రవేత్త మోమె ఆండ్రెసెన్ పరిశోధన ఆధారంగా జర్మన్ కంపెనీ అగ్ఫా విడుదల చేసింది. 1891లో ఆయన రూపొందించిన రోడినాల్ అనే డెవలపర్, మరోవైపు మెటాల్ రావడంతో ఐకోనోజెన్ అవసరం తగ్గింది. ఐకోనోజెన్ ఫార్ములాను మెటాల్‌కు సరిపడేలా దిద్దడం కన్నా, మొదటి నుంచీ మెటాల్ కోసమే రాసిన ఫార్ములాను తీసుకుని, ముందుగా ఒక చిన్న ఫిల్మ్ ముక్క మీద పరీక్షించండి.