మూతపడిన సాబ్ కార్ల మీద స్వీడన్ వాళ్లకు ఇంత మమకారం ఎందుకు? పాత 9-5 కొనవచ్చా?

ఉద్యోగం మీద స్వీడన్‌లోని బోరోస్ అనే ఊరికి కొత్తగా వచ్చారు, పక్కింటి పెద్దాయన తన సాబ్ 9-5 అమ్ముతానంటున్నారు. 2011లోనే దివాలా తీసిన కంపెనీ కారు కొనడం తెలివైన పనేనా, అసలు ఇక్కడివాళ్లకు దానిమీద ఎందుకంత పిచ్చి అని మీరు అడిగారు. ముందు పిచ్చి సంగతి చెబుతాను. అది తెలిస్తే కొనాలా వద్దా అన్నది చాలావరకు మీరే తేల్చుకోగలరు.

నేను ఉండేది గోథెన్‌బర్గ్‌లో. అంటే సాబ్‌కు పోటీదారైన వోల్వో వాళ్ల ఊరు. అక్కడ కొన్నేళ్లుగా 2006 నాటి 9-5 వ్యాగన్ నడుపుతున్నాను. పని చేసేది వాహన రంగంలోనే కాబట్టి ఆఫీసులో నాకు పడే చురకలు అన్నీ ఇన్నీ కావు. ఇన్నాళ్లలో నాకు అర్థమైనది ఇది: సాబ్ కారులో కనిపించే ప్రతి వింతకూ వెనక ఒక కారణం ఉంటుంది, ఆ కారణం యజమానికి తెలిసి ఉంటుంది, తెలిసినవాడు ఇంకొకరికి చెప్పకుండా ఉండలేడు. ‘విమానాల కంపెనీ చేసిన కారు’ అని మీరు వినే మాటలో ప్రకటనల పాలే ఎక్కువ. అసలు ఆకర్షణ ఈ కారణాల్లో ఉంది.

విమానాల మాట అబద్ధమేమీ కాదు. స్వీడన్ వైమానిక దళానికి విమానాలు కట్టడానికి 1937లో ట్రోల్‌హెట్టాన్ అనే ఊళ్లో ఆ కంపెనీ పెట్టారు. యుద్ధం ముగిసేసరికి విమానాల గిరాకీ పడిపోతుందని ముందే గ్రహించి, చిన్న కారు చేద్దామని పదహారు మందితో ఒక బృందాన్ని కూర్చారు. ఇంజినీరు గున్నార్ ల్యుంగ్‌స్ట్రోమ్, రూపం దిద్దినది సిక్స్‌టెన్ సాసోన్. ఈ సాసోన్ తరవాత హాసెల్‌బ్లాడ్ కెమెరాకు కూడా ఆకారం ఇచ్చాడు. బృందంలో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లు ఇద్దరే అని ట్రోల్‌హెట్టాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, వాళ్లు చేసిన కారు చూస్తే నమ్మబుద్ధి వేస్తుంది. కారు అంటే ఇలా ఉండాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. పక్కనుంచి చూస్తే విమానం రెక్కను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. 1947లో జనానికి చూపించి, 1949 చివర్లో 92 అనే పేరుతో తయారీ మొదలుపెట్టారు. తొలి కార్లకు డిక్కీ మూతే లేదు! వెనక భాగంలో కోత పెడితే బాడీ గట్టిదనం తగ్గుతుందని పెట్టలేదు. సామాను కావాలంటే వెనక సీటు వంచి లోపలినుంచి తీసుకోవాలి. రంగు కూడా ఒకటే, ముదురు ఆకుపచ్చ. విమానాలకు వాడగా మిగిలిన పెయింటు కాబట్టి ఆ రంగు అంటారు.

దానిలో ఉన్నది రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్. మన పాత బజాజ్ స్కూటర్ల మాదిరిగా పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పల్లంలో దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌లోకి పెట్రోలు పోదు, దానితో కలిసి రావలసిన ఆయిలూ పోదు. చక్రాలు మాత్రం ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి. అలా కొంత దూరం పోతే పిస్టన్ పట్టేస్తుంది. అందుకని ఫ్రీవీల్ పెట్టారు. కాలు తీయగానే ఇంజిన్‌కూ చక్రాలకూ లంకె తెగి, ఇంజిన్ తన మానాన తాను నిదానంగా తిరుగుతుంది, సైకిలు తొక్కడం ఆపినప్పుడు పెడల్ ఆగినా చక్రం తిరుగుతున్నట్టే. ఇలాంటివి ఒక్కటి తెలిసినా మనిషి రెండోది అడుగుతాడు. సాబ్ జబ్బు అలాగే అంటుకుంటుంది.

అలాంటిదే, మూడు సిలిండర్ల చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ ఉన్న 96 అనే మోడల్‌తోనే ర్యాలీ డ్రైవర్ ఎరిక్ కార్ల్‌సన్ 1960, 61, 62లలో వరసగా బ్రిటన్ ఆర్‌ఏసీ ర్యాలీ గెలిచాడు. 1962, 63లలో మోంటే కార్లో కూడా అతనిదే. కార్లను తరచూ బోర్లా పడేసేవాడని స్వీడన్‌లో అతన్ని ‘పైకప్పు మీది కార్ల్‌సన్’ అని పిలిచేవారు. బలం తక్కువ ఇంజిన్ కాబట్టి వేగం పడనివ్వకూడదు. అందుకని కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి ఎడమకాలితో బ్రేకు నొక్కుతూ మలుపులు తిరిగేవాడు.

1967 చివర్లో జనానికి చూపించిన 99 దగ్గరనుంచి మనకు తెలిసిన సాబ్ మొదలవుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసే తాళం స్టీరింగ్ పక్కన ఉండదు, రెండు ముందు సీట్ల మధ్య కింద ఉంటుంది. మీరు ఆ పెద్దాయన కారు ఎక్కగానే తాళం కోసం తడుముకుంటారు, అందరూ తడుముకుంటారు. ఢీ కొట్టినప్పుడు స్టీరింగ్ దగ్గరి తాళం మోకాలి చిప్పను పగలగొడుతుందని దాన్ని అక్కడికి మార్చారు. పైగా రివర్స్ గేరులో వేస్తే తప్ప తాళం బయటికి రాదు, తీశాక గేరు అక్కడే బిగుసుకుపోతుంది. స్టీరింగ్‌ను లాక్ చేయడంకన్నా దొంగకు ఇది పెద్ద అడ్డంకి. నడుస్తున్న కారులో పొరపాటున స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ లేదు. దీనివల్ల వచ్చిన కొత్త కష్టం ఒక్కటే. కాఫీ కప్పు ఒలికితే నేరుగా తాళం రంధ్రంలోకి పోతుంది.

టర్బోకూ, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి బలం పెంచే పరికరానికీ, అలాంటి కథే ఉంది. టర్బో ఉన్న కారును లోకంలో మొదట చేసింది సాబ్ అనుకుంటారు, నిజం కాదు. అమెరికన్లు 1962లోనే చేశారు. సాబ్ చేసిన పని వేరు. ఆరు సిలిండర్ల కొత్త ఇంజిన్ తయారు చేసుకునేంత డబ్బు ఆ చిన్న కంపెనీ దగ్గర లేదు. 1969లో స్కానియా లారీల కంపెనీతో కలిసింది కాబట్టి టర్బో విద్య ఇంట్లోనే ఉంది. ఉన్న రెండు లీటర్ల ఇంజిన్‌కే చిన్న టర్బో తగిలించి, పరుగు పందెంలో పనికొచ్చే గరిష్ఠ వేగంకన్నా లారీని దాటేటప్పుడు కావలసిన లాగుడు మీద దృష్టి పెట్టారు. 1977లో చూపించిన 99 టర్బో 145 హార్స్‌పవర్ ఇచ్చింది. మంచు రోడ్డు మీద కుటుంబంతో రోజూ నడపగలిగే టర్బో కారు అదే. ఇవాళ చిన్న ఇంజిన్‌కు టర్బో పెట్టని కంపెనీ దాదాపు లేదు.

ఇక 900. 1978నుంచి 1993దాకా దాదాపు తొమ్మిది లక్షలు చేశారు. సాబ్ అనగానే చాలామందికి కళ్లముందు మెదిలేది ఇదే, వంపు తిరిగిన ముందద్దంతో. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఒక ఎండాకాలం వచ్చినప్పుడు ట్రోల్‌హెట్టాన్ జలపాతం చూపిద్దామని తీసుకెళ్లాను. ఆ నదిమీద విద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి జలపాతం మామూలుగా ఎండి ఉంటుంది, ఎండాకాలంలో నియమిత వేళల్లో గేట్లు తెరిచి నీళ్లు వదులుతారు. ఆ వేళ కాకముందే దారిలో ఒక ఇంటిముందు 900 బానెట్ తెరిచి పని చేసుకుంటున్న మనిషి కనిపించాడు. నాన్నగారి అడుగు ముందుకు పడలేదు.

ఆ బానెట్ ముందుకు జరిగి, ముక్కువైపు వంగి తెరుచుకుంటుంది. లోపల ఇంజిన్‌ను వెనక కొస ముందుకు వచ్చేలా తిప్పి పెట్టారు, క్లచ్ ఉండే కొస బంపర్ వైపుకు వచ్చింది. గేరుబాక్సు ఇంజిన్ కింద ఉంది. ఆ మనిషి పైన ఉన్న మూత తీసి, లోపలి ఇరుసును ముందుకు లాగి, క్లచ్ ప్లేటును చేతులతో పైకి ఎత్తి పక్కన పెట్టాడు. ఇంజిన్ దింపలేదు, గేరుబాక్సు దింపలేదు, కారు కింద దూరలేదు. క్లచ్ మార్చాలంటే రోజంతా బండి కింద వెల్లకిలా పడుకున్న చేతులు నాన్నగారివి. భాష రాకపోయినా ఆ ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. “దీన్ని గీసినవాడు ఎప్పుడో చేతులకు గ్రీజు పూసుకున్నవాడేరా” అన్నారు కారెక్కాక. జలపాతం ఆ రోజు చూడనే లేదు.

900 తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను, అది సంతోషంగా చెప్పుకునేది కాదు. ఫియట్, లాన్సియా, ఆల్ఫాలతో పునాది పంచుకుని 1984లో 9000 తెచ్చారు, మంచి కారు, కానీ దాని తాళం అందరి కార్లలాగే స్టీరింగ్ పక్కకు పోయింది. 1990లో జనరల్ మోటార్స్ సగం వాటా కొన్నది, 2000లో మిగతాది. ఏ ఏడాదీ లక్షన్నర కార్లు అమ్మని కంపెనీ ప్రతి భాగాన్నీ తనకు నచ్చినట్టు మళ్లీ చేసుకుంటానంటే లెక్క తేలదు. అమెరికా యజమానులను ఒక్కరినే తిట్టడం నాకు న్యాయంగా తోచదు. అయితే సుబారు కారుకూ షెవ్రొలే జీపుకూ సాబ్ బొమ్మ అతికించి అమ్మిన పాపం మాత్రం వాళ్లదే. ఆ జీపులో కూడా తాళం సీట్ల మధ్యనే పెట్టారు, కారణం వదిలేసి గుర్తును మాత్రం ఉంచుకున్నారు. 2010లో డచ్చి కంపెనీ స్పైకర్ కొన్నది. 2011 ఏప్రిల్లో ఫ్యాక్టరీ ఆగింది, ఆ డిసెంబరు 19న దివాలా. తరవాత కొన్న కొత్త కంపెనీ కొద్దికాలం 9-3 కార్లు చేసింది గానీ 2014లో ఆ పేరు వాడే హక్కు కూడా పోయింది. విమానాల సాబ్ వేరే కంపెనీగా ఇప్పటికీ చల్లగా ఉంది, పేరు దానిదే.

ఇక మీ 9-5 దగ్గరకు వద్దాం. 1997లో వచ్చిన ఈ కారు కింది పునాది జనరల్ మోటార్స్‌దే అయినా, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజినూ దాన్ని నడిపే ట్రయోనిక్ అనే కంప్యూటరూ సాబ్ సొంతం. వెనకనుంచి ఎవరైనా గుద్దితే మీ వీపు సీటును వెనక్కి నొక్కుతుంది, ఆ ఒత్తిడికే సీటు మీది తలగడ పైకి లేచి ముందుకు వచ్చి మెడను ఆపుతుంది. ఏ కరెంటూ అక్కర్లేదు, ఉత్త మీట. డ్యాష్‌బోర్డు మీద ‘నైట్ ప్యానెల్’ అని ఒక మీట ఉంటుంది. శీతకాలంలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే దేశం ఇది. అడవి దారిలో ఆ మీట నొక్కితే స్పీడోమీటర్ తప్ప అన్ని దీపాలూ ఆరిపోతాయి, అది కూడా 140 అంకె వరకే వెలుగుతుంది. పెట్రోలు తగ్గితే ఆ ముల్లు తనంతట తానే వెలుగుతుంది. విమానం కాక్‌పిట్ మాట ఇక్కడ మాత్రం ఒప్పుకుంటాను. కళ్లకు ఎదురు వెలుతురు లేకపోయేసరికి రోడ్డు పక్కన నిలబడ్డ దుప్పి ముందే కనబడుతుంది. కప్పు పెట్టుకునే పళ్లెం మాత్రం డ్యాష్‌బోర్డులోంచి నొక్కగానే బయటికి వచ్చి, గిర్రున తిరిగి విచ్చుకుంటుంది. దానికి ఏ కారణమూ లేదు, సరదాకు చేసి ఉంటారు.

కొనేముందు చూడవలసినవి. 2004కు ముందటి పెట్రోలు ఇంజిన్లలో ఆయిలు మడ్డిగా మారి, ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే సంపులోని జల్లెడను మూసేస్తుందన్నది అందరికీ తెలిసిన లోపం. సంపు దింపి శుభ్రం చేయించారా, ఇంజిన్ ఊపిరి గొట్టాలు కొత్త రకానివి వేశారా అని ఆ పెద్దాయనను అడగండి. బిల్లు చూపిస్తే మంచిది, లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. రెండోది, నాలుగు స్పార్క్ ప్లగ్గుల మీద ఒకే పెట్టెలా కూర్చునే ఇగ్నిషన్ క్యాసెట్. నిప్పురవ్వ వేశాక ఆ ప్లగ్గు ద్వారానే సిలిండర్‌లో మంట ఎలా మండిందో చదివి కంప్యూటర్‌కు చెబుతుంది. అంత తెలివి ఉన్నందుకే ఖరీదు, చెప్పాపెట్టకుండా పోతుంది కూడా. అందుకే చాలామంది యజమానులు డిక్కీలో ఇంకొకటి పెట్టుకుని తిరుగుతారు. అసలు కంపెనీ సరుకే కొనండి, చవక నకళ్లు వద్దు. మూడోది, రెండు తాళాలూ ఇస్తున్నారో లేదో చూడండి. కొత్త తాళాన్ని కారుకు పరిచయం చేయడానికి ప్రత్యేకమైన పరికరం ఉన్న మెకానిక్ కావాలి, ఉన్న ఒక్కటీ పోతే వ్యవహారం ముదురుతుంది. ఉప్పు చల్లే రోడ్లు కాబట్టి కిందిభాగం తుప్పు ఎలాగూ చూస్తారు.

విడిభాగాల గురించి కంగారు పడకండి. కంపెనీ దివాలా తీసినప్పుడు విడిభాగాల విభాగం అప్పు కింద స్వీడన్ ప్రభుత్వం చేతికి వచ్చింది, ఓరియో అనే పేరుతో సరఫరా కొనసాగింది. ఇంజిన్, బ్రేకు, సస్పెన్షన్ భాగాలు దొరకడం తేలికే. లోపలి ప్లాస్టిక్కులు, లైట్ల అద్దాలు, కొన్ని ఎలక్ట్రానిక్ డబ్బాలు మాత్రం పాత కార్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర వెతకాలి. మీ దగ్గరలో సాబ్ తెలిసిన మెకానిక్ ఉన్నాడా అన్నదే అన్నింటికన్నా ముఖ్యం. ట్రోల్‌హెట్టాన్ అంత దూరమేమీ కాదు కాబట్టి మీ ప్రాంతంలో అది కష్టం కాకూడదు.

ఉదయం తొమ్మిదికి ఆఫీసులో ఉండి తీరాలి, ఇంట్లో ఇంకో కారు లేదు, బానెట్ కింద ఏముందో తెలుసుకునే ఓపిక లేదు అంటే ఈ కారు వద్దు, ఏదైనా టయోటా చూసుకోండి. ఓపిక ఉంటే తీసుకోండి. కొనే రోజు తొందరపడి వెళ్లకండి, రెండు గంటలు పెట్టుకోండి. మీరు అడిగినా అడగకపోయినా తాళం అక్కడెందుకు ఉందో ఆ పెద్దాయన చెప్పకుండా వదలడు.