టెక్ సందేహాలు: నిలువు అక్షరాలు, పాత తేదీలు, ఒక తండ్రి ల్యాప్‌టాప్ ప్రశ్న

ప్రశ్న: గచ్చిబౌలిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) బొంబాయి నుంచి జపాన్‌కు సాగిన పత్తి ఎగుమతి నా పరిశోధనాంశం. టోక్యోలో ఫోనుతో తీసుకున్న పత్రాల ఫొటోలు వేలల్లో ఉన్నాయి. అచ్చు అక్షరాలే, కానీ నిలువు వరుసల్లో, కుడి నుంచి ఎడమకు ఉంటాయి. ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చే) యాప్ వాటిని అడ్డంగా చదివి గందరగోళం చేస్తోంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా? నాది నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ (నెట్ పరీక్షతో పనిలేని) ఫెలోషిప్.

జవాబు: కొనకండి. ముందు మీ ఫొటోల్లో ఎన్ని ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఉన్నాయో చూడండి. 2001లో మొదలైన ఆసియా చారిత్రక పత్రాల జపాన్ కేంద్రం (పరిశోధకులు జకార్ అంటారు) విదేశాంగ శాఖ పత్రాలను ఉచితంగా చూపిస్తుంది. అక్కడ ప్రతి పత్రానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ‘బి’తో మొదలైతే విదేశాంగ శాఖది, ‘సి’తో మొదలైతే రక్షణ శాఖది. మీ దగ్గర ఉన్న పత్రం అక్కడా దొరికితే, ఫోను పెట్టిన పేరు తీసేసి ఆ సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టండి. ఇకపై ఏ కట్ట తెరిచినా ముందు దాని పైచీటీకి ఫొటో తీయండి. ఆరు నెలల తర్వాత ఈ పేజీ ఎక్కడిదని తల పట్టుకోనక్కర్లేదు.

మిగిలినవాటికి జపాన్ పార్లమెంటు గ్రంథాలయం 2022లో ఉచితంగా విడుదల చేసిన ఓసీఆర్ ఉంది. పాత జపనీస్ అచ్చు పుస్తకాల కోసమే తయారు చేశారు కాబట్టి నిలువు వరుసలు దానికి కొత్త కాదు. నడపాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ మిత్రులెవరైనా ఉంటే ఒక బిర్యానీతో పని జరుగుతుంది. టెసరాక్ట్ అనే మరో ఉచిత ఓసీఆర్ వాడతానంటే మామూలు జపనీస్ భాషా ఫైలు కాకుండా నిలువు రాతకు విడిగా ఇచ్చే ఫైలు ఎంచుకోండి. ఫోను స్కానర్‌లో పేజీని తెల్లగా మెరిపించే ఫిల్టర్ మాత్రం ఆపేయండి. వెలిసిన ముద్రలను, పెన్సిల్ రాతలను అదే తుడిచేస్తుంది.

ఒక ఇబ్బంది మిగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ చాలా అక్షరాల రూపాలను సరళం చేసింది. మీ పత్రాల్లో ఉన్నవి పాత రూపాలు. వెతికేటప్పుడు రెండు రూపాలతోనూ వెతకాలి. ఇక చాట్‌బాట్ సంగతి. మసకగా ఉన్న పేజీ ఇచ్చినా అది నీళ్లు నమలదు, కనబడని చోట సొంతంగా పూరించి చక్కటి వాక్యం చేతిలో పెడుతుంది. గందరగోళంగా చదివిన ఓసీఆరే నయం, తప్పు వెంటనే దొరికిపోతుంది. యంత్రం చదివినదాన్ని పేజీ వెతుక్కోవడానికి వాడండి. థీసిస్‌లో ఉటంకించే ప్రతి వరుసనూ ఫొటోలో మీ కళ్లతో చూడండి.

ప్రశ్న: 1870ల నాటి జపాన్ ఉత్తరాలను ఎక్సెల్‌లో తేదీల వారీగా పేర్చలేకపోతున్నాను. ఎందుకు?

జవాబు: ఎక్సెల్ లెక్కలో కాలం 1900 జనవరి 1న పుట్టింది. అంతకు ముందు తేదీలు దానికి ఉత్త అక్షరాలు. (ఆ 1900లో లేని ఫిబ్రవరి 29ని కూడా అది నమ్ముతుంది, లోటస్ అనే పాత స్ప్రెడ్‌షీట్ లెక్కలతో పొత్తు కోసం వదిలేసిన పొరపాటు.) లిబ్రెఆఫీస్ క్యాల్క్ పాత తేదీలను గుర్తిస్తుంది. అయినా మీరు సంవత్సరం, నెల, రోజు మూడు గడుల్లో అంకెలుగా రాయండి, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వరుస తప్పదు.

అసలు చిక్కు అక్కడ కాదు. జపాన్ 1873 జనవరి 1 నుంచి గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. మెయిజీ ఐదో ఏడు పన్నెండో నెల రెండో తేదీ గడిచిన మర్నాడే ఆ జనవరి 1. అంటే ఆ నెలకు ఉన్నవి రెండు రోజులే. అంతకు ముందు వాళ్లదీ చాంద్రమానమే, మన పంచాంగంలోలా అధిక మాసాలతో సహా. 1868లో నాలుగో నెల రెండుసార్లు వచ్చింది. అందుకే పత్రంలో ఉన్న తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలో, అధిక మాసమా కాదా అన్నది ఇంకో గడిలో, మార్చిన తేదీని విడిగా రాయండి. కొరియా 1896లో, చైనా 1912లో మారాయి. మూడు దేశాల ఉత్తరాలూ ఉంటే ఒకే సూత్రం అన్నిటికీ లాగకండి.

ప్రశ్న: థీసిస్‌లో జపనీస్ అక్షరాలు కొన్ని చైనీస్ తీరులో కనిపిస్తున్నాయని గైడ్ గారు అంటున్నారు.

జవాబు: గైడ్ గారి కళ్లు చురుకైనవి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి ఆ భాషల ఉమ్మడి అక్షరాలకు చాలావరకు ఒకే సంఖ్య ఇచ్చింది, ఆకారం ఫాంటు చేతిలో ఉంటుంది. ఆ భాగానికి జపనీస్ భాష, నోటో జపనీస్ ఫాంటు ఎంచుకోండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును అందులోనే చేర్చండి.

ప్రశ్న: మా అమ్మాయి తూర్పు ఆసియా చరిత్రలో పీహెచ్‌డీలో చేరింది. ఏ ల్యాప్‌టాప్ కొనాలి? జపనీస్ కీబోర్డు ఉన్నది తెప్పించాలా? ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. మిగిలిన డబ్బుతో నిలువుగా తిప్పుకొనే మానిటర్ ఒకటి, బయటి హార్డ్ డిస్కులు రెండు కొనండి. ఒక డిస్కు హాస్టల్‌లో, రెండోది మీ ఇంట్లో ఉండాలి. జపనీస్ కీబోర్డు అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ కొడితే విండోసే మారుస్తుంది. మూడో ప్రశ్న ఈ శీర్షిక పరిధిలోకి రాదండీ, ఆ మాట అమ్మాయిని మాత్రం రోజూ అడగకండి.