ట్రయల్ మానేయడం తర్వాతి మాట, ముందు ఆ తెల్లవారుజాము చెమటల సంగతి చూడండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. నాలుగు నెలల కింద హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో షుగరు కొత్త మందు క్లినికల్ ట్రయల్‌లో చేరారు. పరీక్షలు ఉచితం, ప్రయాణ ఖర్చులు కూడా ఇస్తున్నారు. పత్తి ఏరే పనుల వల్ల రెండుసార్లు వెళ్లలేకపోయారు. ‘ఎలుకల మీద చేసినట్టు నీ మీద ప్రయోగం చేస్తున్నారు, మానెయ్’ అని చుట్టాలు అంటున్నారు. సంతకం పెట్టాక మధ్యలో మానేస్తే కేసు అవుతుందా? తీసుకున్న డబ్బులు తిరిగి కట్టాలా? ఈ మధ్య తెల్లవారుజామున చెమటలు పట్టి కాళ్లు వణుకుతున్నాయంటున్నారు. ట్రయల్ మందు పనిచేయదేమోనని పాత గోలీలు కూడా వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదులు, పొడి మందు వాడుతున్నారు. - ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా

జవాబు: మీరు అడిగింది సంతకం గురించి, డబ్బు గురించి. నన్ను కలవరపెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన మూడు వాక్యాలు. షుగరు మందులు వాడుతున్న మనిషికి తెల్లవారుజామున చెమటలు పట్టి కాళ్లు వణుకుతున్నాయంటే, వేరే కారణం తేలేదాకా రక్తంలో చక్కెర పడిపోతోందనే అనుకోవాలి. పాత గోలీలు ఏవో మీరు రాయలేదు. మన దగ్గర పదేళ్ల షుగరు రోగి వాడే చీటీలో తరచుగా కనిపించేది గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర. ట్రయల్‌లో ఆయనకు అందుతున్నది కొత్త మందో, పోలిక కోసం ఇచ్చే మందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. దాని మీద ఈ పాత మాత్ర పడితే రాత్రి ఆలస్యంగానో, తక్కువగానో తిని పడుకున్న రోజున చక్కెర ప్రమాదకరంగా దిగజారవచ్చు.

ఈసారి అలా చెమటలు పట్టిన క్షణంలోనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటరు దగ్గర లేకపోయినా సరే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూసి, తర్వాత అన్నమో రొట్టో పెట్టండి. మనిషి మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి లేచాక మళ్లీ కొన్ని గంటలకు పడిపోగలదు కాబట్టి, ‘తేరుకున్నాడు కదా’ అని ఇంట్లో ఉంచుకోకుండా వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికో, దగ్గరలోని ఆసుపత్రికో తీసుకువెళ్లాలి. పాత మాత్ర ఆపాలా, ఎలా ఆపాలి అన్నది మనిషిని, రిపోర్టులను చూడకుండా నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. అది ట్రయల్ డాక్టరు చెప్పవలసిన మాట, ఈ సాయంత్రమే అడగవలసిన మాట.

ఇక సూదులు, పొడి మందు. మోకాళ్ల నొప్పికి ఊళ్లలో వేసే సూది ఎక్కువగా డైక్లోఫినాక్. పదేళ్ల షుగరు ఉన్న మనిషి మూత్రపిండాలకు అది మంచిది కాదు. పేరు, చీటీ లేకుండా పొట్లం కట్టి ఇచ్చే పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలపడం నా ఓపీలో నెలనెలా చూస్తున్న సంగతే. నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది, ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఈ జవాబు చదివి ఆ పొట్లాన్ని పారేయకండి, డాక్టరుకు చూపించండి. తండ్రి ఏం మింగుతున్నాడో ఇంత వివరంగా తెలిసిన కొడుకు, ఆ విషయం ట్రయల్ వాళ్లకు ఒక్క ఫోన్ చేసి చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

ఎందుకు చెప్పరో నాకు తెలియనిది కాదు. గతంలో ఒక అధ్యయనంలో పరిశోధకుడిగా పనిచేసినప్పుడు, నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన రోజూ మాత్ర వేసుకున్నానని గుర్తు పెట్టవలసిన డైరీ కార్డు ఇచ్చాడు. ముప్పై గడుల్లో ముప్పై టిక్కులు, అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. బస్సు కుదుపుకు చివరి వరుస గీత దాటిపోయింది. సీసాలో మిగిలిన మాత్రలు లెక్కిస్తే లెక్క సరిగ్గానే ఉంది. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, పది రోజులు కడుపులో తిప్పి మాత్రలు మానేశానని, వాటిని బావిలో పడేశానని, చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారని, ఉచిత పరీక్షలు పోతాయని భయపడ్డానని చెప్పాడు. ఆ కడుపు తిప్పడమే మాకు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం. ఇబ్బంది పడ్డవాళ్లు చెప్పకుండా దాచినా, చెప్పకుండా మానేసినా, లెక్కలో చివరికి మిగిలేది మందు ఒంటికి సరిపడినవాళ్లు మాత్రమే; అప్పుడు ఆ మందు నిజంగా ఉన్నదానికంటే మంచిదిగా కనిపించి, రేపు వేలమంది చేతికి వెళుతుంది.

సంతకం విషయం. మీ బాపు ఏ రోజైనా, కారణం చెప్పకుండా కూడా ట్రయల్ నుంచి బయటికి రావచ్చు. ఆయన సంతకం చేసింది సమ్మతి పత్రం మీద, అది బాండు కాదు. కేసు ఉండదు, మామూలు వైద్యం ఆపకూడదు, ఇప్పటికే వెళ్లివచ్చిన ప్రయాణ ఖర్చులు తిరిగి అడగకూడదు. కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019 ప్రకారం ట్రయల్‌లో ఉండగా హాని జరిగితే ఉచితంగా చికిత్స అందించాలి, అది ట్రయల్ వల్లనే అని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో నివేదించాలి. సమ్మతి పత్రం నకలు ఒకటి మీ ఇంట్లో ఉండాలి. దాని మీద డాక్టరు ఫోన్ నంబరు, ట్రయల్‌లో ఉన్నవాళ్ల హక్కులు, భద్రత చూసే నైతిక కమిటీ నంబరు ఉంటాయి. మన దేశంలో ట్రయల్స్ అన్నీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు కావడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఆ నమోదు సంఖ్య అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నకలు ఇవ్వలేదంటే, నంబరు చెప్పలేదంటే అప్పుడు చుట్టాల అనుమానానికి బలం ఉన్నట్టే.

ఆ అనుమానాన్ని నేను తీసిపారేయడం లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, చాలామంది తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారు. 2010లో దాన్ని నిలిపివేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. జమ్మికుంట ప్రాంతం వాళ్లు డబ్బు కోసం ఔషధ పరీక్షలకు వెళ్లిన వార్తలు 2017లో మనమంతా చదివాం. అయితే ఆరోగ్యవంతులు డబ్బు కోసం వెళ్లి మందు మింగి రక్తమిచ్చే పరీక్ష వేరు; జబ్బున్న మనిషికి వైద్యుల పర్యవేక్షణలో జరిగే ట్రయల్ వేరు. షుగరు, బీపీ మందులు మనదాకా వచ్చాయంటే ఎక్కడో ఎవరో ఇలాగే వరుసగా నెలల తరబడి వచ్చి రక్తమిచ్చారు.

మానేయాలనుకుంటే మానేయండి, కానీ మానేయడంలో రెండు రకాలున్నాయని తెలుసుకోండి. మందు మాత్రం ఆపి, పరీక్షలకు వెళుతూ, లేదా ఫోన్‌లో ఎలా ఉన్నదీ చెబుతూ కొనసాగవచ్చు. పూర్తిగా వద్దనుకుంటే ఆ మాట చెప్పి, చివరి పరీక్షలు చేయించుకుని, తర్వాత ఏ మందు వాడాలో రాయించుకుని రావచ్చు. ఫోన్ ఎత్తకుండా మాయమైపోవడం ఈ రెండిటిలోనూ లేదు. ఆయనకు అందుతున్న మందేదో తెలియడం చికిత్సకు అత్యవసరమైతే ఆ రహస్యాన్ని విప్పే ఏర్పాటు కూడా ట్రయల్‌లో ఉంటుంది. మీరు మాయమైతే దాన్ని ఎవరు విప్పుతారు?

ట్రయల్ నడిపే మా వాళ్లతో కూడా ఒక మాట. రెండు విజిట్లు తప్పిన షుగరు రోగికి ఎవరూ ఫోన్ చేయకపోయి ఉంటే అది క్షమించరాని నిర్లక్ష్యం. పత్తి ఏరే రోజుల్లోనూ, మేడారం జాతర వారంలోనూ తేదీలు పెట్టి, రాలేదని రోగిని కసురుకోవడం న్యాయం కాదు. పరగడుపున రక్తమివ్వాలంటే పల్లె నుంచి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుని సమయం పెట్టాలి, రక్తం తీయగానే టిఫిన్ పెట్టించాలి. చేర్చుకునేటప్పుడు గంటసేపు మాట్లాడిన వాళ్లు, మూడో నెలలో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలామంది నిలుస్తారు.

రేపు వెళ్లేటప్పుడు ట్రయల్ సీసా, పాత గోలీల షీట్లు, పొడి పొట్లం, సమ్మతి పత్రం అన్నీ ఒకే సంచిలో వేసుకుని మీరూ వెంట వెళ్లండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమని అడగండి. ఆ చెమటలకు కారణం తేలేదాకా ఆయన్ను చీకటితో మోటారు వేయడానికి ఒంటరిగా బావి దగ్గరికి పంపకండి, బండి నడపనివ్వకండి.