మీ పాత రికార్డింగులు ఎవరికివ్వాలి, ఏవి ఇవ్వాలి

ఒరే అల్లుడూ,

మీ బ్యాండు పాత రికార్డింగులు పెట్టమని కుర్రాళ్లు వెంటపడుతున్నారని, మీ డ్రమ్మరేమో ససేమిరా అంటున్నాడని రాశావు. విజయనగరంలో ఇన్నేళ్లు మైకులూ మిక్సర్లూ మోసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తాను.

ముందు రెంటినీ వేరు చెయ్. జనం ముందు వాయించింది ఒకటి, గదిలో తలుపులేసుకుని వాయించింది ఇంకొకటి. మొదటిదాన్ని ఎలాగూ ఆపలేవు, సిరిమానోత్సవం రోజు మీరు వాయిస్తుంటే ఎన్ని ఫోన్లు పైకి లేచాయో చూశావుగా. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండు వాళ్లకి ఇది ఎప్పుడో అర్థమైంది. 1984లో టేపు చేసుకునేవాళ్లకి హాల్లో విడిగా చోటే ఇచ్చేశారు. పంచుకోండి, అమ్ముకోకండి, అంతే షరతు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో వాళ్లు చేసిన కచేరీ నలభై ఏళ్లు అభిమానుల చేతుల్లోనే తిరిగింది, అయినా 2017లో డిస్కు వేస్తే జనం ఎగబడి కొన్నారు. వాళ్లూ దేవుళ్లేం కాదులే, 2005లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లోంచి డౌన్‌లోడ్లు తీయించి తిట్లు తిన్నారు. వెంటనే దిగొచ్చి జనం తీసినవి మళ్లీ వదిలారు, మిక్సర్ నుంచి తీసినవి మాత్రం వినడానికే అన్నారు.

గదిలోవాటి విషయంలో నేను డ్రమ్మర్ పక్షమే. 2019లో రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండు వాళ్ల పాత మినీడిస్కులు (రికార్డు చేసుకునే చిన్న డిస్కులు), 18 గంటల సరుకు, ఎవరో కాజేసి బయటపెడితే, వాళ్లే 18 పౌండ్లకి 18 రోజులు అమ్మి ఆ డబ్బు పర్యావరణ ఉద్యమానికి ఇచ్చేశారు. తెలివైన పనే, కానీ ఇరుక్కున్నాక వెతుక్కున్న దారది. మీరు అంతదాకా తెచ్చుకోకండి. నలుగురూ సరే అంటేనే వదలండి, మధ్యలో మానేసిన బేస్ గిటార్ కుర్రాడితో సహా. నోటిమాట కాదు, వాట్సాప్‌లో రాయించుకో.

ఇంకోటి, ఇదంతా రికార్డింగు బతికి ఉంటేనే. కేసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుండేవి, గుర్తుందా, అవి విరగ్గొడితే దానిమీద ఇంక రికార్డు కాదు. ఒకసారి మంచి బుర్రకథ పట్టాను, బద్ధకించి ఆ ముక్కలు విరగ్గొట్టలేదు. తెలిసినవాడు వింటానని పట్టుకెళ్లాడు, వారం తర్వాత తిరిగిస్తే మొదట రెండు నిమిషాలు కథ, ఆపైన సినిమా పాటలు. ఇప్పుడు మీకా బాధ లేదు గానీ హార్డ్ డిస్కు ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే అదీ అంతే. ఇంకో కాపీ ఇంకొకరి ఇంట్లో ఉండాలి. ఎంపీ3 పంచు, కుదించని అసలు వేవ్ ఫైళ్లు దగ్గరుంచుకో.

నువ్వు అడగలేదు గానీ, మీ కాలేజీ కచేరీ నా మిక్సర్ నుంచి తీసింది నా దగ్గర ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. మూడో పాటలో డ్రమ్మర్ తాళం తప్పాడు. దసరాకి వచ్చేటప్పుడు అతన్ని కూడా తీసుకురా, ముందు అతనికే వినిపిస్తాను.

మీ మావయ్య