వెర్షన్ మారితే జాయిన్‌లో రికార్డులు తగ్గాయి

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.7 వెర్షన్‌లో డంప్ (డేటా మొత్తం రాసిన ఫైలు) తీసి 8.0లో లోడ్ చేశాం. క్వెరీల్లో ఒక్క అక్షరం మార్చలేదు. అయినా గ్రూప్ బై (ఒకే విలువ ఉన్న రికార్డులను గుంపు చేసేది) ఉన్న రిపోర్టు వరస తప్పి వస్తోంది. రెండు టేబుళ్లను కోడ్ కాలమ్ మీద జాయిన్ చేస్తే (కలిపితే) కొన్ని రికార్డులు రావడం లేదు. డేటా పోయిందా?

జవాబు: పోయి ఉండకపోవచ్చు. రెండు టేబుళ్లలోనూ రికార్డుల సంఖ్య పాత సర్వర్‌తో సరిపోతోందేమో ముందు చూడండి. సరిపోతే ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు తేడాలు.

వరస సంగతి తేలికే. 5.7లో గ్రూప్ బై రాస్తే, అడక్కపోయినా ఆ కాలమ్ ప్రకారం సార్ట్ చేసి ఇచ్చేది. 8.0లో అది తీసేశారు. ఆర్డర్ బై రాయండి. లిమిట్ (ఇన్ని రికార్డులే చాలని చెప్పేది) కూడా వాడుతుంటే, విలువలు సమానమైన చోట ఏ రికార్డు లోపలికొస్తుందో చెప్పలేం. చివర్లో ప్రతి రికార్డుకూ వేరుగా ఉండే కాలమ్ ఒకటి చేర్చండి.

జాయిన్ దగ్గర నా అనుమానం కొలేషన్ మీద, అంటే అక్షరాలను పోల్చే, వరస పెట్టే నియమాల మీద. యూటీఎఫ్8ఎంబీ4 అనే క్యారెక్టర్ సెట్‌కి (అక్షరాలను దాచే పద్ధతికి) 5.7లో డిఫాల్ట్ కొలేషన్ జనరల్_సీఐ, 8.0లో 0900_ఏఐ_సీఐ. డిఫాల్టే వాడుతున్న టేబుల్‌కి 5.7 డంప్‌లో కొలేషన్ పేరు రాయదు, క్యారెక్టర్ సెట్ పేరొక్కటే ఉంటుంది. 8.0 దాన్ని చదివి తన డిఫాల్ట్ తగిలిస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ ఉండదు.

పాత కొలేషన్ పోల్చేటప్పుడు చివరి స్పేస్‌లను లెక్కచేయదు, కొత్తది చేస్తుంది. ఒక టేబుల్లో వార్‌చార్ (టెక్స్ట్) రకం కోడ్ చివర స్పేస్ మిగిలిపోయి ఉంటే 5.7లో కలిసేది, 8.0లో కలవదు. షో క్రియేట్ టేబుల్‌తో కొలేషన్ చూసుకోండి. తర్వాత క్యార్_లెంగ్త్(కోడ్), క్యార్_లెంగ్త్(ఆర్‌ట్రిమ్(కోడ్)), అంటే కోడ్ పొడవూ, చివరి స్పేస్‌లు తీసేసిన కోడ్ పొడవూ, రెండూ సమానం కాని రికార్డులు లెక్కపెట్టండి. కోట్స్‌లో రెండు పదాలు పెట్టి పోల్చి చూస్తే మాత్రం మోసపోతారు: అక్కడ పనిచేసేది కనెక్షన్ కొలేషన్, టేబుల్‌ది కాదు.

ఆర్‌ట్రిమ్‌తో అప్‌డేట్ చేసి స్పేస్‌లు తీసేయడమే మంచిది. కాలమ్‌కి యునీక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే నియమం) ఉంటే అప్‌డేట్ 1062 ఎర్రర్‌తో ఆగవచ్చు. స్పేస్ ఉన్న కోడూ లేని కోడూ 8.0లో విడివిడిగా చేరిపోయి ఉంటాయి. వాటిలో ఏది ఉంచాలో ముందే తేల్చుకోండి. డేటాను ముట్టుకోకూడదనుకుంటే ఆల్టర్ టేబుల్ కన్వర్ట్‌తో పాత కొలేషన్‌కి మార్చవచ్చు. అక్కడా ఈ జంటలు అడ్డుపడతాయి. పైగా టేబుల్ మొత్తం మళ్లీ రాస్తుంది కాబట్టి, పెద్దదైతే రద్దీ లేని వేళ చేయండి. జాయిన్‌లోని రెండు టేబుళ్లనూ మార్చాలి. ఒకటే మారిస్తే కొలేషన్లు కలవడం లేదంటూ 1267 ఎర్రర్ పలకరిస్తుంది.